పాఠం 17: ఆర్కేడ్ మానిటర్‌కు కంప్యూటర్‌ను కలపడం

17.1 పరిచయం

టెలివిజన్ పిక్చర్ ట్యూబ్ ఎలా పనిచేస్తుందో వెనుకటి పాఠంలో తెలుసుకున్నారు. ఎలక్ట్రాన్ పుంజం తెరపై ఎడమ నుంచి కుడికి ఒక్కొక్క గీత గీస్తూ, పై నుంచి కిందికి దిగుతూ బొమ్మను తయారుచేస్తుందని చదివారు. ఈ పాఠంలో అదే పిక్చర్ ట్యూబ్‌ను మరో చోట చూద్దాం. అది వీడియో గేమ్ పార్లర్.

1980ల చివరలోనూ, 1990లలోనూ మన నగరాల్లో తిరిగినవారు ఈ పార్లర్లను చూసే ఉంటారు. నిలువెత్తు చెక్క పెట్టె, దాని పైభాగంలో వాలుగా బిగించిన తెర, తెర కింద ఒక చిన్న కర్ర, నాలుగైదు బటన్లు, నాణెం వేసే సందు. ఈ పెట్టెల్లోని ఆటలు ఎక్కువగా జపాన్‌లోనూ, అమెరికాలోనూ తయారైనవి. నామ్‌కో కంపెనీ 1980లో విడుదల చేసిన ప్యాక్‌మాన్, నింటెండో వారి డాంకీ కాంగ్ (1981), క్యాప్‌కామ్ వారి స్ట్రీట్ ఫైటర్ 2 (1991) వీటిలో పేరుపొందినవి. ఇలా నాణెం వేసి ఆడే యంత్రాలనే ఆర్కేడ్ యంత్రాలు అంటారు.

ఆ యంత్రాల్లోని సర్క్యూట్ బోర్డులు చాలావరకు పాడైపోయాయి. కానీ ఆటలు పోలేదు. ఒక యంత్రం చేసే పనిని మరో యంత్రం అచ్చంగా అలాగే చేసేటట్టు చూసే ప్రోగ్రామును ఎమ్యులేటర్ అంటారు. ఆర్కేడ్ ఆటల కోసం ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997లో మేమ్ అనే ఎమ్యులేటర్‌ను మొదలుపెట్టారు. తరువాత ఎందరో కలిసి దాన్ని పెంచారు. ఇప్పుడు మామూలు కంప్యూటర్‌లోనే వేలాది పాత ఆటలు నడుస్తాయి.

అయితే ఒక చిక్కు ఉంది. ఆ ఆటల బొమ్మలను గీసినవారు పిక్చర్ ట్యూబ్‌ను ఎదురుగా పెట్టుకొని గీశారు. పలుచని తెరపై అవే బొమ్మలు గళ్లుగళ్లుగా, మోటుగా కనిపిస్తాయి. అందుకే పాత పెట్టె దొరికినవారు దానిలోని మానిటర్‌కే కంప్యూటర్‌ను కలపాలనుకుంటారు. కోరిక సహజమే. కానీ ఒక కేబుల్ కొని రెండింటినీ కలిపేస్తే పని జరగదు. జరగకపోగా మానిటర్ కాలిపోవచ్చు, అంతకంటే ఘోరంగా మనిషికి షాక్ కొట్టవచ్చు. పిక్చర్ ట్యూబులు ఇప్పుడు దుకాణాల్లో కొత్తవి దొరకవు. ఉన్న ఒక్కటీ పోతే పాత సామాన్ల కొట్లు వెతుక్కోవలసిందే.

టీవీ మరమ్మతు పని తెలిసినవారికి ఈ పాఠం సులభంగా అర్థమవుతుంది. తెలియనివారు 17.4, 17.5 భాగాలను రెండుసార్లు చదవండి.

17.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– ఒక తెర సెకనుకు ఎన్ని గీతలు గీస్తుందో లెక్క కట్టగలుగుతారు;
– కంప్యూటర్‌ను ఆర్కేడ్ మానిటర్‌కు నేరుగా ఎందుకు కలపకూడదో వివరించగలుగుతారు;
– విద్యుత్తును వేరుచేసే ట్రాన్స్‌ఫార్మర్‌ను, వేరుచేయని దాన్ని గుర్తించగలుగుతారు;
– మానిటర్ స్విచ్ వేయకముందే సిగ్నల్ సరైనదో కాదో కొలిచి చూడగలుగుతారు.

17.3 ట్యూనర్ లేని టీవీ

మీ ఇంట్లోని పాత రంగుల టీవీని ఊహించుకోండి. దానిలో నుంచి ట్యూనర్, స్పీకర్, రిమోట్ భాగం, ప్లాస్టిక్ డబ్బా అన్నీ తీసేయండి. పిక్చర్ ట్యూబ్, దాని మెడ చుట్టూ ఉండే యోక్, ఒక సర్క్యూట్ బోర్డు, వీటిని పట్టి ఉంచే ఇనుప చట్రం మిగులుతాయి. ఇదే ఆర్కేడ్ మానిటర్. యాంటెన్నా సిగ్నల్ నుంచి రంగులను విడదీసే పని దీనికి లేదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం సిగ్నళ్లు ఆట బోర్డు నుంచి వేర్వేరు తీగల మీద నేరుగా వస్తాయి. అందువల్ల బొమ్మ ఇంటి టీవీలో కంటే స్పష్టంగా ఉంటుంది.

డబ్బా లేకపోవడం గమనించవలసిన విషయం. పెట్టె వెనుక తలుపు తీస్తే చేతికి అందేంత దూరంలోనే వేల వోల్టుల భాగాలుంటాయి.

కొన్ని పెట్టెల్లో మానిటర్‌ను పక్కకు తిప్పి బిగిస్తారు. ప్యాక్‌మాన్ తెర వెడల్పు 224 చుక్కలు, ఎత్తు 288 చుక్కలు. ఎత్తు ఎక్కువ కాబట్టి మానిటర్‌ను 90 డిగ్రీలు తిప్పారు. ఎలక్ట్రాన్ పుంజానికి ఈ సంగతి తెలియదు. అది ఎప్పటిలాగే 288 చుక్కల పొడవుతో 224 గీతలు గీస్తుంది. ఆడేవారికి మాత్రం ఆ గీతలు నిలువుగా ఉంటాయి. పాత మానిటర్ కొనేటప్పుడు స్విచ్ వేయకుండానే అద్దాన్ని వెలుతురులో చూడండి. ఏళ్ల తరబడి ఒకే ఆట నడిచిన తెర మీద ఆ ఆట బొమ్మ నీడలా అచ్చుపడి ఉంటుంది. ప్యాక్‌మాన్ సందుల చిత్రం అచ్చుపడిన తెరలు చాలామందికి తెలిసినవే. అది ఏ మరమ్మతుకూ పోదు.

17.4 గీతల లెక్క

ఈ పాఠంలో ముఖ్యమైన భాగం ఇదే. పెన్సిలు, కాగితం దగ్గర పెట్టుకోండి.

మన దేశపు పాత టీవీ ప్రసారంలో ఒక పూర్తి బొమ్మకు 625 గీతలు. సెకనుకు 25 పూర్తి బొమ్మలు. అంటే సెకనుకు 625 × 25 = 15,625 గీతలు. సెకనుకు ఎన్ని గీతలో ఆ సంఖ్యను గీతల పౌనఃపున్యం అంటాం. ఇది 15,625 హెర్ట్జ్, లేదా సుమారు 15.6 కిలోహెర్ట్జ్.

ఇప్పుడు స్ట్రీట్ ఫైటర్ 2 బోర్డును చూద్దాం. అది సెకనుకు 80 లక్షల చుక్కల వేగంతో పనిచేస్తుంది. ఒక గీతకు 512 చుక్కల కాలం పడుతుంది. వీటిలో తెరపై కనిపించేవి 384 మాత్రమే. మిగిలిన కాలం పుంజం కుడి అంచు నుంచి ఎడమ అంచుకు తిరిగి రావడానికి సరిపోతుంది.

80,00,000 ÷ 512 = 15,625.

ఎక్కడి జపాన్ ఆట, ఎక్కడి దూరదర్శన్ ప్రసారం! గీతల వేగం మాత్రం ఒక్కటే. ఇక ఒక బొమ్మకు 262 గీతలు కాబట్టి 15,625 ÷ 262 = 59.64. సెకనుకు దాదాపు 60 బొమ్మలన్నమాట.

టీవీకీ ఆర్కేడ్ మానిటర్‌కూ ఇక్కడ ఒక తేడా ఉంది. టీవీ ఒక బొమ్మను రెండు సగాలుగా గీస్తుంది. మొదటి సగంలో వదిలేసిన సందుల్లో రెండో సగం గీతలను పెడుతుంది. ఆర్కేడ్ ఆట అలా చేయదు. ప్రతిసారీ అవే గీతల మీద గీస్తుంది. అందువల్ల గీతకూ గీతకూ మధ్య సన్నని నల్లని సందు మిగిలిపోతుంది. పాత ఆటల బొమ్మలకు ఆ నేతబట్ట లాంటి రూపం వచ్చింది ఈ సందుల వల్లనే.

ఇక కంప్యూటర్ సంగతి. 1987లో ఐబీఎం కంపెనీ వీజీఏ అనే పద్ధతిని ప్రవేశపెట్టింది. దానిలో 640 × 480 చుక్కల బొమ్మకు చుక్కల వేగం 25.175 మెగాహెర్ట్జ్, గీతకు 800 చుక్కల కాలం, బొమ్మకు 525 గీతలు.

2,51,75,000 ÷ 800 = 31,469 (సుమారు).
31,469 ÷ 525 = 59.94.

సెకనుకు బొమ్మల సంఖ్య రెండింటిలోనూ ఒకటే. కానీ గీతల వేగం రెట్టింపు. చిక్కంతా ఇక్కడే ఉంది.

మానిటర్‌లో గీతను గీయించే భాగానికి గుండె వంటిది హారిజాంటల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్. దానికి జతగా మన మెకానిక్కులు ఎల్.ఓ.టి. అని పిలిచే లైన్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. ఈ రెండూ, యోక్, చుట్టూ ఉండే కెపాసిటర్లు అన్నీ 15 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేసేటట్టు అమర్చినవి. 31 కిలోహెర్ట్జ్ సిగ్నల్ ఇస్తే అవి దాన్ని అందుకోలేవు. బొమ్మ చీలికలుగా ఏటవాలుగా కనిపిస్తుంది, సన్నని కూత వినిపిస్తుంది. కొన్ని మానిటర్లు దీన్ని తట్టుకుంటాయి. కొన్నింటిలో ట్రాన్సిస్టర్ వేడెక్కి పోతుంది. మీది ఏ రకమో పరీక్షించి చూడాలనుకోవడం తెలివైన పని కాదు.

చాలామంది మరచిపోయే మరో సంగతి ఉంది. కంప్యూటర్ స్విచ్ వేయగానే, విండోస్ గానీ లినక్స్ గానీ మేలుకోకముందు, తెర మీద తెల్లని అక్షరాలు వస్తాయి గదా! ఆ అక్షరాల తెర కూడా సాధారణంగా 31 కిలోహెర్ట్జ్ వేగంతోనే, సెకనుకు 70 బొమ్మల చొప్పున వస్తుంది. మీరు లోపల ఎంత చక్కగా 15 కిలోహెర్ట్జ్‌కు సర్దినా ఆ మొదటి క్షణాలు మీ చేతిలో ఉండవు. దీనికి విరుగుడు 17.8లో చెప్పుకుందాం.

అన్ని ఆటలూ ఒకే వేగంతో నడవవు. ఐరెమ్ వారి ఆర్-టైప్ (1987) బోర్డు సెకనుకు 15,625 గీతలే గీస్తుంది. కానీ బొమ్మకు 284 గీతలు. కాబట్టి సెకనుకు 55 బొమ్మలే వస్తాయి. మిడ్‌వే వారి మోర్టల్ కాంబాట్ (1992) కూడా దాదాపు అంతే, 54.7. సెకనుకు కచ్చితంగా 60 బొమ్మలు చూపే పలుచని తెర మీద 55 బొమ్మల ఆటను నడిపితే ఏం జరుగుతుంది? ప్రతి సెకనులో 5 బొమ్మలను రెండేసిసార్లు చూపవలసి వస్తుంది. వెనుక దృశ్యం సాఫీగా జరిగిపోవలసిన చోట చిన్న చిన్న కుదుపులు వస్తాయి. ఆర్కేడ్ మానిటర్‌కు 55 ఇస్తే 55, 60 ఇస్తే 60. ఇచ్చిన లయను అనుసరిస్తుంది. ఇంత శ్రమపడి మానిటర్‌ను కలపడానికి నా దృష్టిలో అసలైన కారణం నల్లని సందులు కాదు, ఈ లయ.

పాఠ్యగత ప్రశ్నలు 17.1

1. ఒక మానిటర్ సెకనుకు 15,720 గీతలు గీస్తుంది. ఒక బొమ్మకు 262 గీతలైతే సెకనుకు ఎన్ని బొమ్మలు?
2. ప్యాక్‌మాన్ బోర్డు చుక్కల వేగం 6.144 మెగాహెర్ట్జ్. గీతకు 384 చుక్కల కాలం, బొమ్మకు 264 గీతలు. గీతల పౌనఃపున్యం ఎంత? సెకనుకు బొమ్మలెన్ని?
3. కంప్యూటర్‌లో ఆటను 15 కిలోహెర్ట్జ్‌కు సర్దినా మానిటర్‌కు ప్రమాదం ఎప్పుడు పొంచి ఉంటుంది?

17.5 విద్యుత్తు: ఇక్కడ తొందరపడకండి

చాలా ఆర్కేడ్ మానిటర్లలో, ముఖ్యంగా పాత అమెరికన్ మానిటర్లలో, సర్క్యూట్ బోర్డు ‘గ్రౌండ్’ నిజమైన ఎర్త్ కాదు. గోడ సాకెట్ నుంచి వచ్చే కరెంటును డయోడ్లతో నేరుగా డీసీగా మార్చి వాడుకుంటారు. అందువల్ల బోర్డు గ్రౌండ్ కూడా మెయిన్స్ కరెంటుతో ముడిపడి ఉంటుంది. మెకానిక్కులు దీన్ని హాట్ చాసిస్ అంటారు.

మరి పార్లర్లలో ఆడేవారికి షాక్ కొట్టలేదేం? పెట్టె అడుగున ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ అనే బరువైన ఇనుప దిమ్మ ఉండేది. దానిలో రెండు వేర్వేరు చుట్లు ఉంటాయి. మొదటి చుట్టు గోడ సాకెట్‌కు, రెండోది మానిటర్‌కు. రెండు చుట్ల మధ్య తీగ సంబంధం లేదు. అయస్కాంత క్షేత్రం ద్వారానే శక్తి అటు నుంచి ఇటు వస్తుంది. కాబట్టి మానిటర్‌కు ఎర్త్‌తో సంబంధం తెగిపోతుంది.

ఇప్పుడు కంప్యూటర్‌ను తలచుకోండి. దాని మూడు పిన్నుల ప్లగ్గు ద్వారా ఇనుప డబ్బా ఎర్త్ అయి ఉంటుంది. వీజీఏ కేబుల్ గ్రౌండ్ తీగ కూడా ఆ డబ్బాకే చేరుతుంది. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఈ కేబుల్‌ను హాట్ చాసిస్ మానిటర్‌కు తగిలిస్తే మెయిన్స్ కరెంటు కేబుల్ గుండా ఎర్త్‌కు పరుగెడుతుంది. ఫ్యూజు పోతే అదృష్టం. గ్రాఫిక్స్ కార్డు పోవచ్చు, ఆ సమయంలో ఇనుప భాగాన్ని పట్టుకున్న మనిషి ప్రాణమే పోవచ్చు. కొందరు దీనికి విరుగుడుగా కంప్యూటర్ ప్లగ్గులో ఎర్త్ పిన్నును తీసేస్తారు. అది మరీ ప్రమాదం. అప్పుడు కంప్యూటర్ డబ్బా మొత్తం కరెంటుతో నిండి, తాకేవారి కోసం ఎదురుచూస్తుంది.

మనకు మరో సమస్య కూడా ఉంది. అమెరికన్ మానిటర్లు 115–120 వోల్టులకూ, జపాన్ మానిటర్లు 100 వోల్టులకూ తయారైనవి. మన ఇళ్లలో 230 వోల్టులు. కాబట్టి వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఎలక్ట్రికల్ దుకాణంలో ‘స్టెప్‌డౌన్’ అని అడిగితే చాలాసార్లు చేతికి వచ్చేది ఆటో ట్రాన్స్‌ఫార్మర్. తేలికగా, చౌకగా ఉంటుంది. కానీ దానిలో ఉండేది ఒకే చుట్టు. దాని మధ్య నుంచి ఒక తీగ బయటికి తీసి తక్కువ వోల్టేజి ఇస్తారు. వోల్టేజి తగ్గుతుంది గానీ మెయిన్స్‌తో సంబంధం తెగదు. హాట్ చాసిస్ మానిటర్‌కు ఇది పనికిరాదు.

రెండింటినీ గుర్తించడానికి మల్టీమీటర్ చాలు. ట్రాన్స్‌ఫార్మర్‌ను దేనికీ తగిలించకుండా బల్ల మీద పెట్టండి. మీటర్‌ను ఓమ్స్ స్థానంలో ఉంచి ఒక కడ్డీ ఇన్‌పుట్ తీగకు, మరొకటి అవుట్‌పుట్ తీగకు తాకించండి. మీటర్ ఏదైనా తక్కువ నిరోధం చూపితే అది ఆటో ట్రాన్స్‌ఫార్మర్. ఇన్‌పుట్‌లోని ప్రతి తీగ నుంచి అవుట్‌పుట్‌లోని ప్రతి తీగకూ దారి లేనట్టు చూపితేనే చుట్లు వేరుగా ఉన్నట్టు. మానిటర్ వెనుక రాసిన వాట్లకంటే ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం కొంత ఎక్కువ ఉండాలి.

పిక్చర్ ట్యూబ్ గురించి కూడా ఒక హెచ్చరిక. దాని పక్కన గుండ్రని రబ్బరు టోపీ కింద 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది. స్విచ్ తీసిన తరువాత, ప్లగ్గు పీకిన తరువాత కూడా ఆ విద్యుత్తు ట్యూబులో నిలిచి ఉండగలదు. ఈ పాఠంలోని ఏ పనికీ ఆ టోపీని ముట్టుకోవలసిన అవసరం లేదు. ముట్టుకోవలసిన మరమ్మతు వస్తే టీవీ పని చేతనైన మెకానిక్‌కు అప్పగించండి. ట్యూబ్ మెడ పలుచని గాజు. లోపల గాలి లేదు. మోసేటప్పుడు మెడను పట్టుకోకూడదు.

పాఠ్యగత ప్రశ్నలు 17.2

1. ఆటో ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని తగ్గించినా హాట్ చాసిస్ మానిటర్‌కు ఎందుకు సరిపోదు?
2. మీ పొరుగువారు ‘షాక్ రాకుండా’ కంప్యూటర్ ఎర్త్ పిన్ను తీసేశారు. ఆయనకు మీరేం చెబుతారు?

17.6 రంగులు, సింక్

వీజీఏ సాకెట్‌లో 15 రంధ్రాలుంటాయి. 1వది ఎరుపు, 2వది ఆకుపచ్చ, 3వది నీలం. 6, 7, 8 వాటి గ్రౌండ్లు. 13వది గీత ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పే హారిజాంటల్ సింక్, 14వది బొమ్మ ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పే వర్టికల్ సింక్.

కంప్యూటర్ నుంచి వచ్చే రంగు సిగ్నల్ గరిష్ఠంగా 0.7 వోల్టు. ఆర్కేడ్ మానిటర్ ఎదురుచూసేది అంతకు కొన్ని రెట్లు, సాధారణంగా 3 వోల్టులు లేదా ఆపైన. నేరుగా కలిపితే బొమ్మ వస్తుంది గానీ సంధ్యవేళ చూసినట్టు మసకగా ఉంటుంది. అప్పుడు కొందరు ఎల్.ఓ.టి. మీద ఉండే ‘స్క్రీన్’ నాబ్‌ను తిప్పి వెలుగు పెంచుతారు. నలుపు ఉండవలసిన చోట బూడిదరంగు వస్తుంది, ఏటవాలు తెల్లగీతలు బయటపడతాయి. ఆ నాబ్‌ను ముట్టుకోకండి. కావలసింది మూడు రంగులను సమానంగా పెంచే చిన్న వీడియో యాంప్లిఫైయర్.

సింక్ సంగతి కొంచెం వేరు. కంప్యూటర్ రెండు సింక్‌లను రెండు తీగల మీద పంపుతుంది. జపాన్ యంత్రాల్లో రెండూ కలిసి ఒకే తీగ మీద వస్తాయి. 1985లో జపాన్ తయారీదారులు ‘జామా’ అనే ఉమ్మడి పద్ధతిని ఏర్పరచుకున్నారు. ఆట బోర్డు అంచున మొత్తం 56 పట్టీలు. వాటిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం, సింక్, వీడియో గ్రౌండ్‌లకు ఒక్కొక్కటి. సింక్‌కు ఒకే పట్టీ అని గమనించండి. కాబట్టి రెండు సింక్‌లను కలిపే చిన్న సర్క్యూట్ కావాలి. కొన్ని అమెరికన్ మానిటర్లు మాత్రం విడివిడి సింక్‌లను కూడా తీసుకుంటాయి. మీ మానిటర్ బోర్డు మీది అక్షరాలు చూడండి.

ఈ పనులన్నీ కలిపి చేసే తయారు బోర్డులూ దొరుకుతాయి. బ్రిటన్‌లోని అల్టిమార్క్ వారి జే-ప్యాక్ అటువంటిది. అది జామా అంచుకు తగులుతుంది, రంగులను పెంచుతుంది, సింక్‌లను కలుపుతుంది, కర్రా బటన్లను కంప్యూటర్‌కు కీబోర్డులా చూపిస్తుంది. సిగ్నల్ 15 కిలోహెర్ట్జ్ దాటితే మానిటర్‌కు చేరకుండా ఆపే ఏర్పాటు కూడా దానిలో ఉంది.

17.7 కంప్యూటర్ వైపు పని

అన్ని గ్రాఫిక్స్ కార్డులూ 15 కిలోహెర్ట్జ్‌కు దిగవు. దిగగలిగిన వాటిలో పాత రేడియాన్ కార్డులు పేరుపడ్డాయి. వాటికోసం విండోస్‌లో సీఆర్‌టీ ఎమ్యుడ్రైవర్ అనే ప్రత్యేక డ్రైవర్ ఉంది. లినక్స్‌లో గ్రూవీఆర్కేడ్ అనే ఏర్పాటు ఉంది. 2013 తరువాత వచ్చిన పెద్ద రేడియాన్ కార్డుల్లో అనలాగ్ సిగ్నలే లేకుండా పోయింది. కాబట్టి ఇక్కడ కొత్త కార్డు కంటే పాత కార్డు విలువైనది. ఎవరైనా పాత కంప్యూటర్‌ను కిలోల లెక్కన అమ్ముతుంటే ఒకసారి దాని కార్డు చూడండి.

కార్డుకు మనం ఇచ్చే కొలతల వరుసను మోడ్‌లైన్ అంటారు. 17.4లో మీరు చేసిన లెక్కనే ఒక వరుసలో రాయడం అన్నమాట. 320 × 240 బొమ్మకు ఒకటి తయారుచేద్దాం. చుక్కల వేగం 6.6 మెగాహెర్ట్జ్, గీతకు మొత్తం 420 చుక్కలు, బొమ్మకు మొత్తం 262 గీతలు అనుకుందాం.

66,00,000 ÷ 420 = 15,714.
15,714 ÷ 262 = 59.98.

చక్కగా కుదిరింది. అయితే కొన్ని కార్డులు ఇంత తక్కువ చుక్కల వేగానికి ఒప్పుకోవు. అప్పుడు ఒక ఉపాయం ఉంది. వెడల్పును 8 రెట్లు చేసి 2560 × 240 అని అడుగుతాం. చుక్కల వేగం 52.8 మెగాహెర్ట్జ్, గీతకు 3,360 చుక్కలు అవుతాయి. 5,28,00,000 ÷ 3,360 చేసి చూడండి. మళ్లీ 15,714! ఆటలోని ఒక్కొక్క చుక్క ఎనిమిది చుక్కలుగా సాగుతుంది. పిక్చర్ ట్యూబ్‌కు అడ్డంగా చుక్కలు లెక్కపెట్టే అలవాటు లేదు. గీత పొడవునా వెలుగు ఎక్కడ పెరిగింది, ఎక్కడ తగ్గింది అన్నదే దానికి కావాలి. కాబట్టి తేడా కనిపించదు.

ఒక్కొక్క ఆటకు ఒక్కొక్క మోడ్‌లైన్ చేత్తో రాయనవసరం లేదు. మేమ్‌కు మార్పులు చేసి తయారుచేసిన గ్రూవీమేమ్ ఆ పని తానే చేస్తుంది. ఆట అసలు బోర్డు కొలతలు చూసి, మీ మానిటర్ హద్దులు చూసి, తగిన వరుస కడుతుంది. మీరు చేయవలసిందల్లా మానిటర్ హద్దులు నిజంగా చెప్పడం. 15 కిలోహెర్ట్జ్ మానిటర్‌ను 31 కూడా పలికేదని సెట్టింగులో రాస్తే ప్రోగ్రాము నమ్ముతుంది.

17.8 కలిపే క్రమం

మానిటర్‌కు విడిగా ఒక స్విచ్ ఉండాలి. కంప్యూటర్ స్విచ్‌తో పాటే మానిటర్ వెలిగే ఏర్పాటు వద్దు.

మొదట కంప్యూటర్‌ను మామూలు తెరకు కలిపి డ్రైవర్, ఎమ్యులేటర్ అన్నీ అమర్చుకోండి. హెర్ట్జ్ కొలిచే మల్టీమీటర్ ఒకటి సంపాదించండి. పనికిరాని వీజీఏ కేబుల్‌ను మధ్యలో కోసి 13వ పిన్ను తీగను, గ్రౌండ్ తీగను బయటికి తీయండి. తీగలు ఒకదానికొకటి తగలకుండా టేపు చుట్టండి. ముందు మామూలు 640 × 480 వద్ద కొలవండి. మీటర్ సుమారు 31.5 కిలోహెర్ట్జ్ చూపాలి. చూపితే మీ మీటర్‌ను నమ్మవచ్చు. సింక్ పల్సు చాలా సన్ననిది కావడం వల్ల కొన్ని చౌక మీటర్లు తడబడతాయి. అంకెలు నిలకడగా లేకపోతే ఆసిలోస్కోప్ ఉన్న రేడియో, టీవీ మెకానిక్ సాయం తీసుకోండి.

తరువాత 15 కిలోహెర్ట్జ్ మోడ్‌కు మార్చి మళ్లీ కొలవండి. 15.6కూ 15.8కూ మధ్య వస్తే సరే. ప్యాక్‌మాన్ వంటి ఆటకు 16.0 వస్తుంది, అదీ సరే. కంప్యూటర్‌ను ఆపి, మళ్లీ వేసి, మొదటి నుంచి చివరిదాకా మీటర్‌ను చూస్తూ కూర్చోండి. 31 నుంచి 15కు ఏ క్షణంలో దిగిందో గడియారం చూసి రాసుకోండి. మీ కంప్యూటర్‌కు అది 40 సెకన్లు అయితే, మానిటర్ స్విచ్‌ను కంప్యూటర్ వేసిన రెండు నిమిషాలకు వేయండి. తొందరేముంది? ఆపేటప్పుడు క్రమం తారుమారు: ముందు మానిటర్, తరువాత కంప్యూటర్.

ఇవన్నీ అయ్యాక రెండు ప్లగ్గులూ పీకి ఉన్నప్పుడే కేబుళ్లు కలపండి. గ్రౌండ్ తీగను ముందుగా కలపండి. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ దారిలో ఉందని మరోసారి చూసుకోండి. కంప్యూటర్ వేయండి, ఆగండి, మానిటర్ వేయండి. బొమ్మ ఏటవాలుగా చీలితే వెంటనే మానిటర్ స్విచ్ తీయండి. బొమ్మ నిలకడగా ఉండి పక్కకు జరిగి ఉంటే కంగారు లేదు. మోడ్‌లైన్‌లో సర్దవచ్చు. పైకీ కిందికీ దొర్లుతుంటే వర్టికల్ హోల్డ్ నాబ్ కొద్దిగా తిప్పాలి.

నాబ్‌లు మానిటర్ వెనుక ఉంటాయి, బొమ్మ ముందు ఉంటుంది. వెనుక నుంచి తొంగిచూస్తూ చేయి లోపల పెట్టకండి. మన టీవీ మెకానిక్కుల్లాగా ముందు ఒక అద్దం నిలబెట్టి దానిలో బొమ్మ చూడండి. ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్ వాడండి. బొమ్మ వెడల్పు మార్చే కాయిల్ లోపల పెళుసైన ఫెర్రైట్ కడ్డీ ఉంటుంది, ఇనుప పనిముట్టు దాన్ని పగలగొడుతుంది. రెండో చేతిని జేబులో ఉంచుకోండి. ఒక చేతి నుంచి మరో చేతికి గుండె మీదుగా కరెంటు పోయే దారి ఇవ్వకూడదు. ఇంట్లో మరో మనిషి లేనప్పుడు ఈ పని చేయకండి.

17.9 ఆటలు ఎవరివి?

మేమ్ ఉచితం. 2016 నుంచి దాని మూల ప్రోగ్రాము కూడా అందరికీ స్వేచ్ఛగా వాడుకునే లైసెన్సుతో లభిస్తున్నది. కానీ మేమ్‌లో నడిచే ఆటలు వాటి కంపెనీల సొత్తు. మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రాములకూ వర్తిస్తుంది. రాబీ రోటో, గ్రిడ్లీ వంటి కొన్ని ఆటలను వాటి హక్కుదారులే సొంత వాడకానికి ఉచితంగా ఇచ్చారు. నేర్చుకోవడానికి, మానిటర్‌ను పరీక్షించడానికి అవి చాలు. ఈ పని నేర్చుకొని, డబ్బు తీసుకొని ఆడించే పెట్టెలు పెట్టాలనుకునేవారు ముందు ఆటల అనుమతి సంగతి తేల్చుకోవాలి. పాత మానిటర్ల మరమ్మతు పనికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆ పని తెలిసినవారు రోజురోజుకూ తగ్గిపోతున్నారు.

17.10 పాఠాంత ప్రశ్నలు

1. సెకనుకు 55 బొమ్మల ఆట, 60 బొమ్మల పలుచని తెర మీద ఎందుకు కుదుపుగా కనిపిస్తుంది?
2. చుక్కల వేగం 7.2 మెగాహెర్ట్జ్, గీతకు 456 చుక్కలు, బొమ్మకు 264 గీతలు ఉన్న మోడ్‌లైన్ 15 కిలోహెర్ట్జ్ మానిటర్‌కు తగినదేనా? లెక్క చూపండి.
3. మీ దగ్గరలోని టీవీ మెకానిక్‌ను కలిసి, ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆయన ఏయే పనులకు వాడతారో అడిగి పది వాక్యాలు రాయండి.

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

17.1
1. 15,720 ÷ 262 = 60.
2. 61,44,000 ÷ 384 = 16,000 హెర్ట్జ్; 16,000 ÷ 264 = 60.6.
3. కంప్యూటర్ స్విచ్ వేసిన మొదటి క్షణాల్లో. అప్పుడు వచ్చే అక్షరాల తెర 31 కిలోహెర్ట్జ్‌తో ఉంటుంది.

17.2
1. దానిలో ఒకే చుట్టు ఉంటుంది కాబట్టి మానిటర్‌కు మెయిన్స్‌తో తీగ సంబంధం తెగదు.
2. పిన్నును వెంటనే తిరిగి పెట్టించమని, మానిటర్‌కు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ వచ్చేదాకా కేబుల్ కలపవద్దని.